ఇనుప పెట్టె, చిన్నది, ఒకటి

నేను చెప్పే కథల్లో సగం తీసేసి మిగతా సగం నమ్మమని మా మనవరాలు ఇంటికొచ్చిన వాళ్ళందరికీ సలహా ఇస్తుంది. సుందరి సంగతికి ఆ సలహా పనికిరాదు. ఇందులో నేను కలిపింది ఒక చేపను మాత్రమే. అది వచ్చినప్పుడు చెబుతాను.

సుందరి మా ఆఫీసులో కంప్యూటర్ ఆపరేటరు. పర్మనెంటు కాదు, కాజువల్. కలకత్తాలో రోడ్లు ఊడ్చేవాళ్ళ, చెత్త ఎత్తేవాళ్ళ హాజరు చూసే ఆఫీసు మాది. దాని పేరు చెప్పను. ఆ భవనం ఇంకా ఉంది, అందులో నాకు తెలిసినవాళ్ళు ఇంకా టీ తాగుతున్నారు. నేను అక్కడ హెడ్ క్లర్కుని. బెంగాలీలు బడోబాబు అనేవారు, తెలుగువాళ్ళు రామనాథం బాబు అనేవారు. మా నాన్న లిలువా రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. తన చేతికంటిన గ్రీజు నా చేతికి అంటకూడదని నన్ను కాన్వెంటులో వేశాడు. సిస్టర్లు నాకు చక్కటి దస్తూరి నేర్పారు. ముఖం మారకుండా అబద్ధం చెప్పడం వాళ్ళు నేర్పాలనుకోలేదు గాని, అదీ అక్కడే అబ్బింది.

సుందరి తల్లి సింహాచలమ్మ. ఆమె మా ఆఫీసు కిందే రోడ్లు ఊడ్చేది, బద్లీగా. బద్లీ అంటే పర్మనెంటు మనిషి రాని రోజున ఆ చీపురు పట్టే మనిషి. తెల్లవారకముందే వచ్చి గ్యాంగు దగ్గర నిలబడాలి. సర్దారు పేరు పిలిస్తే పని, పిలవకపోతే ఇల్లు. సింహాచలమ్మ అలా పదకొండేళ్ళు నిలబడింది. ఏవైనా మూడేళ్ళలో, ఏడాదికి రెండువందల నలభై రోజుల చొప్పున పని చేసినట్టు చూపగలిగితే బద్లీని పర్మనెంటు చేయాలని మా ఆఫీసులో నిబంధన ఉండేది. చూపగలిగితే. వయసు యాభై అయిదు దాటితే ఆ దారి కూడా మూసుకుపోతుంది. రెండువేల సంవత్సరం నాటికి సింహాచలమ్మకు యాభై రెండు.

ఎనభైలలో కంప్యూటర్లు వస్తే ఉద్యోగాలు పోతాయని మా యూనియన్ వాళ్ళు గేటు దగ్గర మూడు రోజులు కూర్చున్నారు. నేనూ కూర్చున్నాను, అక్కడ నీడ బాగుండేది. తీరా తొంభై ఆరులో కంప్యూటర్ వచ్చినప్పుడు అదే యూనియన్ వాళ్ళు దానికి దండ వేశారు. దానికోసం కట్టిన చల్లగదిలో ఎంత చలి అంటే, మే నెలలో కూడా అందులోకి వెళ్ళే ప్యూను మంకీక్యాప్ పెట్టుకునేవాడు. ఆ గదిలో కూర్చోవడానికి మనిషి కావలసి వచ్చింది. ఏక్‌బాల్‌పూర్‌లో ఒక టైపు ఇన్‌స్టిట్యూట్ ఉండేది, ఒక గోడకు టైపు మిషన్లు, ఎదుటి గోడకు ఒకే ఒక్క కంప్యూటర్. అక్కడ నేర్చుకున్న సుందరి శాలువా కప్పుకుని వచ్చి కూర్చుంది.

మొదట చేసిన పని, పాత మస్టర్ రోళ్ళన్నీ మిషన్‌లోకి ఎక్కించడం. తొంభై నుంచి ఏడేళ్ళ హాజరు, మూడువందల పన్నెండుమంది బద్లీలు, రోజుకో గడి. పద్నాలుగు నెలలు పట్టింది. తల్లి పేరు వచ్చినప్పుడు వేళ్ళు ఆగేవా అని అడిగితే, "ఆగితే వరస తప్పిపోద్ది బాబుగారూ," అంది.

తొంభై తొమ్మిది సెప్టెంబరు వానలకు కింది అంతస్తులోని రికార్డు గదిలో మూడు రోజులు నీళ్ళు నిలిచాయి. నాలుగోరోజు తలుపు తీస్తే, ఎనభై మూడు మస్టర్ రోలు మీద ఒక మాగుర్ చేప పడుకుని ఉంది, దానికి అచ్చం మా సూపరింటెండెంటు మీసం. ఇదీ నేను కలిపిన చేప. మిగతాది నిజం. కాగితాలన్నీ గంజిలో ఉడికిన బట్టల్లా ముద్దయిపోయాయి. మా చెత్త లారీయే వచ్చి మా రికార్డును ఎత్తుకుపోయింది. ఆ రోజు నుంచి పదేళ్ళ హాజరు ఉన్నది ఒక్కచోటే. ఆ చల్లగదిలో, ఆ మిషన్‌లో.

మరుసటేడు జులైలో మిషన్ మొరాయించింది. డిస్కులో చోటు లేదని తెర మీద వచ్చింది, ఏ మీట నొక్కినా మళ్ళీ అదే మాట. సూపరింటెండెంటు సామంత సాహెబ్ వచ్చి తలుపు దగ్గరే నిలబడ్డాడు, చలికి లోపలికి రాలేదు. ఆయన బెంగాలీలో అన్న మాటల్ని తెలుగులో చెబుతున్నాను.

"బడోబాబు, పదేళ్ళ కిందట ఎవడు వచ్చాడో ఎవడు రాలేదో ఇప్పుడెవరికి కావాలి? తొంభై ఎనిమిదికి ముందుదంతా తుడిపించెయ్యండి. చోటు దానంతటదే వస్తుంది."

"సార్, నిండింది హాజరుతో కాదు," అంది సుందరి. ఆమె బెంగాలీ సామంత బెంగాలీకంటే శుభ్రంగా ఉండేది. "బ్యాకప్‌లతో. రోజూ సాయంత్రం మిషన్ ఆపేముందు మొత్తం హాజరుకి ఇంకో నకలు తీసి ఇందులోనే పెట్టేలా కంపెనీవాళ్ళు అమర్చారు. హాజరు ఒక మూల సరిపోతుంది. దాని నకళ్ళే మూడువందల పైన ఉన్నాయి."

"నకళ్ళు జాగ్రత్త కోసం."

"డిస్కు పోతే అన్నీ కలిసే పోతాయి సార్. ఒకే ఇంట్లో మూడువందల గొళ్ళాలు పెట్టి, ఆ ఇల్లే నీళ్ళలో కట్టినట్టుంది."

"నాకు ఇల్లూ నీళ్ళూ వద్దు. శుక్రవారానికి చోటు కావాలి." ఆయన వెళ్ళిపోయాడు.

చెత్త పనిని కాంట్రాక్టరుకు అప్పగించే మాట అప్పటికే పైన నడుస్తోంది. పాత హాజరు లేకపోతే బద్లీలెవరూ నోరెత్తలేరు. సామంత మనసులో అదే ఉందో లేదో నాకు తెలియదు. ఆయన బద్ధకస్తుడని మాత్రం ప్రమాణం చేసి చెప్పగలను.

"నువ్వు కాజువల్‌వి సుందరీ," అన్నాను. "నీ పేరు కొట్టెయ్యాలంటే ఆయనకు కలం మూత తీసినంత పని."

"కొట్టీమనండి. నాది ఒక్క పేరే గదా. ఇందల మూడొందల పన్నెండు ఉన్నాయి. అందల మా యమ్మకి మిగిలింది మూడేళ్ళే."

ఆ మాట తెలుగులో అంది. కోపం వస్తే ఆమెకు తల్లి భాష వచ్చేది.

సుందరివాళ్ళు ఉండే క్వార్టర్ల పద్ధతి ఒకటి ఇక్కడ చెప్పాలి. ఏక్‌బాల్‌పూర్ దగ్గర నాలుగంతస్తుల పాత బ్లాకులు అవి. వానాకాలం కింది ఇళ్ళలోకి నీళ్ళొస్తాయి, పై ఇళ్ళ కప్పులు కారతాయి. అందుకని ఎవరి కాగితాలు వాళ్ళింట్లో ఉంచుకోరు. సింహాచలమ్మ రేషన్ కార్డు, సుందరి సర్టిఫికెట్లు మూడో అంతస్తులో నరసయ్య ట్రంకుపెట్టెలో ఉండేవి. నరసయ్య కాగితాలు పక్క బ్లాకులో ముసలమ్మ దగ్గర. ముసలమ్మవి ఇంకెక్కడో. పెళ్ళిచూపులకు వచ్చినవాళ్ళు అబ్బాయి చదువు కాగితం చూపమంటే, అబ్బాయి మూడు బ్లాకులు తిరిగి రావలసిందే. ఇన్నేళ్ళలో ఒక్క కాగితం పోయిందని గాని, ఒకరిది ఇంకొకరు విప్పి చూశారని గాని అక్కడ ఎవరూ చెప్పగా వినలేదు.

సుందరి మిషన్‌కీ అదే పద్ధతి పెట్టింది. మెయిన్ డిస్కులో నిన్నటి నకలు, మొన్నటి నకలు రెండే ఉంచి మిగతావన్నీ తీసేసింది. శుక్రవారం కాదు, బుధవారానికే సగం డిస్కు ఖాళీ అయింది. ఆ తీసేసే ముందు మొత్తం హాజరును బాగా కుదించి, పద్నాలుగు ఫ్లాపీల మీదికి వరసగా ఎక్కించింది. ఆ పద్నాలుగూ తీసుకెళ్ళి నరసయ్య ట్రంకులో పెట్టించింది. రోజూ సాయంత్రం మాత్రం, ఆ రోజు మారిన నెలను ఒక్కదాన్నే ఇంకో ఫ్లాపీ మీద తీసేది. అంతా తియ్యడం ఎందుకు, మారిందే తీస్తే చాలు అనేది. సామంత ఖాళీ అయిన డిస్కును చూసి, తన మాటే నెగ్గిందనుకుని సంతోషించాడు. మేమూ అలాగే అనుకోనిచ్చాం.

అక్టోబరులో వానలు వెనకబట్టాక క్వార్టర్ల ఆడవాళ్ళందరూ ట్రంకులు విప్పి కాగితాలు మేడమీద ఎండేస్తారు. చెమ్మ పోవాలని ఏటా చేసే పని. ఆ ఆదివారం సుందరి పైకి వెళ్ళేసరికి ఎండుచేపలకూ రేషన్ కార్డులకూ మధ్య నాలుగు ఫ్లాపీలు వరసగా ఎండుతున్నాయి. ఒక్కోదాని రేకుమూత పక్కకు జరిపి, మూసుకుపోకుండా అగ్గిపుల్ల కూడా అడ్డం పెట్టి ఉంది.

"ఇయ్యెవులు ఎండేసినారమ్మా?"

"నానే," అంది సింహాచలమ్మ. "కాగితాలకి సెమ్మ పడతాది, ఆటికి పట్టదేటి? లోపల గాలి తగలాలని పుల్ల ఎట్టినాను. నాలుగే అయినాయి. మిగతాయి రేపెట్టుదునని ఉంచినాను."

"మొత్తం వంగిపోనాయి."

"వంగితే ఏటి? బరువెడితే సాపవుతాయి. మీ నాయన ఫొటో అలగే సాపు సేసినాను."

సుందరి మెట్ల మీద కూర్చుండిపోయింది. పద్నాలుగింటినీ వరసగా కలిపితేనే హాజరు తిరిగి వస్తుంది. నాలుగు పోతే మిగతా పదీ పనికిరావు. మూడు నెలలుగా ఆమె గుండె మీద చెయ్యి వేసుకుని నిద్రపోయింది ఆ పద్నాలుగింటిని నమ్ముకుని.

"తిట్టవేటే?" అంది సింహాచలమ్మ. కూతురు అరవకపోతే ఆమెకు భయం.

"తప్పు నాదేనమ్మా. దాయమన్నాను, ఏటో సెప్పనేదు. దాసింది మళ్ళీ సదవగలమో లేదో నానూ సూడనేదు."

మిషన్‌లో అసలు హాజరు క్షేమంగానే ఉంది కాబట్టి సోమవారం మళ్ళీ తీసింది. ఈసారి రెండు వరసలు. ఒకటి నరసయ్య ఇంటికి, ఒకటి ముసలమ్మ ఇంటికి. నెలాఖరున ఒక్కో వరసను వెనక్కి తెచ్చి, విప్పి, ఏదో ఒక తేదీ హాజరు చదివి చూసేది. చదివి చూడని నకలు నకలే కాదు అనేది. కానీ ఫ్లాపీలను ఆమె ఇక నమ్మలేదు.

"ఇంకో డిస్కు కావాల బాబుగారూ. సొరుగులాగ మిషన్‌లోకి తోసి, పనయ్యాక లాగీసుకుని, తాళమేసి పట్టుకుపోయేది. సాందినీ బజార్ల అమ్ముతున్నారు."

అక్కడ నా చదువు పనికొచ్చింది. మా స్టోర్సు జాబితా ఇంగ్లీషువాళ్ళ కాలంలో అచ్చయినది. అందులో చీపుర్లు ఉన్నాయి, గుర్రాల నాడాలు ఉన్నాయి, లాంతరు చిమ్నీలు ఉన్నాయి. హార్డ్ డిస్కు లేదు. జాబితాలో లేని వస్తువు అడిగితే ఆ కాగితం మూడేళ్ళు తిరుగుతుంది. అందుకని నా మంచి దస్తూరిలో రాశాను: ఇనుప పెట్టె, చిన్నది, ఒకటి, తాళముతో సహా.

స్టోర్సు గుమాస్తా కళ్ళజోడు పైకి ఎత్తాడు. "ఇంత చిన్న పెట్టెలో ఏం పెడతారు మొశాయ్?"

"హాజరు."

"ఎన్నాళ్ళది?"

"పదేళ్ళది. మడిచి పెడతాం."

ఆయన సంతకం పెట్టేశాడు. తర్వాత ఆడిట్‌కు వచ్చిన పెద్దమనిషి ఆ పెట్టె చూపించమన్నాడు. చూపించాం. గోటితో కొట్టి ఇనుమేనని రూఢి చేసుకున్నాడు, తాళం తిప్పి చూశాడు, మూత ఎటువైపో అడగలేదు.

అప్పటి నుంచి సుందరి పద్ధతి స్థిరపడింది. రోజూ మారినంత మేరకు ఫ్లాపీ. శనివారం మధ్యాహ్నం ఆ సొరుగు మిషన్‌లోకి తోసి, మొత్తం హాజరు దాని మీదికి ఎక్కించి, బయటికి లాగి నా చేతిలో పెట్టేది. నేను దాన్ని టిఫిన్ సంచిలో వేసుకుని లిలువా లోకల్ ఎక్కేవాణ్ణి. మా ఆవిడ లలితాంబ దాన్ని కుట్టుమిషన్ సొరుగులో దాచేది. శనివారం తెచ్చింది మరుసటి శనివారమే బయటికి రావాలని ఆమె నియమం. మధ్యలో నేనడిగినా ఇవ్వలేదు.

కానీ మేడమీద ఎండేసిన ఫ్లాపీల మాట అంత తేలిగ్గా ఎండిపోలేదు. నవ్వుకుంటూ ఒకరికొకరు చెప్పుకోగా చెప్పుకోగా, నవంబరు చివరికి సామంత చెవిన పడింది. ఆయన సుందరిని, నన్ను పిలిపించాడు.

"ఆఫీసు రికార్డు ఊడ్చేవాళ్ళ ఇళ్ళలో, ఎండుచేపల పక్కన. నిజమేనా?"

"నకళ్ళు సార్," అంది సుందరి. "రికార్డు మీ చల్లగదిలోనే ఉంది."

"అన్నీ తెచ్చి ఇక్కడ పెట్టు. రేపే."

"పెట్టను సార్."

నేను ఆ ఆఫీసులో ముప్పై ఏళ్ళు ఉన్నాను. ఆ గదిలో ఆ మాట ఎవరూ అనగా వినలేదు. ఫ్యాను చప్పుడు కూడా ఆగినట్టయింది, అయితే అది కరెంటు పోవడం వల్ల.

"ఏమన్నావు?"

"మిషన్ మీది సార్. గది మీది. డిస్కు మీది. ఆ రోజుల్లో వానలో నిలబడ్డది మావాళ్ళు. అవి మావాళ్ళ రోజులు. కాగితాల మీద ఉన్నప్పుడు మీ దగ్గరే ఉంచాం. ఏమయ్యాయో చూశాం."

"నీ ఉద్యోగం..."

"తెలుసు సార్. బాబుగారు చెప్పారు, కలం మూత తీసినంత పని అని."

సామంత నావైపు చూశాడు. నేను కాన్వెంటులో నేర్చుకున్న ముఖం పెట్టాను.

ఆయన అప్పుడే కలం మూత తీయలేదు. పది రోజుల తర్వాత, కొత్త ప్రోగ్రామ్ నేర్చుకురమ్మని సుందరిని బెహాలాలోని ఇంకో ఆఫీసుకు పంపాడు. అక్కడ కొత్త ప్రోగ్రామూ లేదు, పాతదీ లేదు. ఆమె ఉత్తచేతులతో తిరిగొచ్చేసరికి, లారీల ట్రిప్పుల లెక్కకు చోటు కావాలని చెప్పి కంపెనీ మనిషిని పిలిపించి, డిస్కు మొత్తం తుడిపించేశారు. నేను ఆ పూట సెలవులో ఉన్నాను. ఆ సంగతి కూడా సామంతకు తెలిసే ఉండాలి.

సుందరి తెర ముందు నిలబడి చూసింది. నున్నగా, కొత్త పలకలాగ ఉంది.

"ఇప్పుడు బోలెడు చోటు," అన్నాడు సామంత తలుపు దగ్గర నుంచి.

"అవును సార్," అంది సుందరి. శాలువా మడిచి సంచిలో పెట్టుకుని, టైము అయిందని ఇంటికి వెళ్ళిపోయింది. మర్నాడు మామూలుగానే వచ్చి లారీల ట్రిప్పులు ఎక్కించింది.

పర్మనెంటు చేయమని బద్లీలు పెట్టుకున్న అర్జీ మీద విచారణ ఫిబ్రవరిలో, ఆ చల్లగదిలోనే జరిగింది. పై ఆఫీసు నుంచి ఒక అధికారిణి వచ్చింది, తలంతా నెరిసిన మనిషి, చేతిసంచిలో మరచెంబు, జ్వరం మాత్రలు. వరండా నిండా బద్లీలు. సింహాచలమ్మ లోపల గోడకు ఆనుకుని నిలబడింది, కూర్చోమన్నా కూర్చోలేదు.

పాత హాజరు రికార్డు ఏదీ లేదని సామంత చెప్పాడు. కొంత నీళ్ళలో పోయింది, కొంత మిషన్‌లో పోయింది, విచారకరం అన్నాడు.

"ఉంది మేడం," అంది సుందరి. ఆ శనివారమే లలితాంబ దగ్గర నుంచి నేను తెచ్చిన సొరుగును మిషన్‌లోకి తోసి, తాళం తిప్పింది. పదేళ్ళ హాజరు తెర మీదికి వచ్చింది. ఆ పక్కనే నరసయ్య ఇంటి ఫ్లాపీలూ, ముసలమ్మ ఇంటి ఫ్లాపీలూ బల్ల మీద పేర్చింది.

సామంత తెలివితక్కువవాడు కాదు. "మేడం, ఈ అమ్మాయి తల్లి కూడా అర్జీదారే. ఇవన్నీ ఈమె చేతుల మీదుగా వచ్చినవే. ఈమె ఏం కావాలంటే అది టైపు చేసి ఉండొచ్చు. మూడు నకళ్ళూ ఒకే అబద్ధం చెప్పొచ్చు."

అది మంచి మాట. నాకే సందేహం వచ్చేటంత మంచి మాట. అధికారిణి తల ఊపి, తనతో తెచ్చిన కట్ట విప్పింది. మా ఆఫీసు నుంచి నెలనెలా పైకి వెళ్ళిన నివేదికలు అవి. పేర్లుండవు, ఏ గ్యాంగులో ఎన్ని బద్లీ హాజర్లు, మొత్తం ఎన్ని, అంతే. సుందరి ఉద్యోగంలో చేరకముందే రాసి పంపినవి, వాటిని ఆమె ఎన్నడూ చూడలేదు.

"తొంభై రెండు ఆగస్టు," అంది అధికారిణి. సుందరి చదివింది. సరిపోయింది.

"తొంభై మూడు డిసెంబరు." సరిపోయింది.

"తొంభై నాలుగు జూన్."

సుందరి చెప్పిన అంకె, నివేదికలోని అంకె కలవలేదు. పదకొండు తేడా. సామంత కుర్చీలో వెనక్కి వాలాడు.

"మళ్ళీ చూడు," అంది అధికారిణి.

"చూశాను మేడం. ఇదే."

"నివేదికలో ఇంకోలా ఉంది."

"నివేదికలో ఏముందో నాకు తెలీదు. ఇందులో ఉన్నది ఇదే. మార్చి చెప్పమంటే చెప్పలేను."

అధికారిణి నివేదికను బల్ల మీద పరిచి, గ్యాంగుల అంకెలు మొదటి నుంచి కూడుకుంటూ వచ్చింది. ఒకసారి కూడింది, మళ్ళీ కూడింది. అప్పుడు కాగితం ఎత్తి పట్టుకుని అడిగింది, "ఈ దస్తూరి ఎవరిది? చాలా అందంగా ఉంది."

నేను లేచి నిలబడ్డాను. అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. చచ్చిపోయిన ఒక గుమాస్తా పేరు సిద్ధంగా ఉంది కూడా. గోడకు ఆనుకున్న సింహాచలమ్మ నావైపే చూస్తోంది.

"నాది," అన్నాను. "కూడిక తప్పింది. అప్పుడూ ఇప్పుడూ నాకు కూడికలు రావు."

"గ్యాంగుల అంకెలు కూడితే ఈ అమ్మాయి చెప్పినదే వస్తోంది," అంది అధికారిణి. "దొంగనకలు తయారుచేసేవాళ్ళు మీ మొత్తానికి సరిపోయేలా చేసుకుంటారు, మీ తప్పును వదిలేసి నిజం రాయరు."

సామంత తగ్గలేదు. "మొత్తాలు సరే మేడం. పేర్ల మాట ఏమిటి? తల్లి పేరు కింద నాలుగు రోజులు అటూ ఇటూ వేస్తే మొత్తం మారదు."

"తల్లి పేరు తియ్యి," అంది అధికారిణి.

సుందరి తీసింది. తొంభై మూడు, రెండువందల అరవై రెండు రోజులు. తొంభై నాలుగు, రెండువందల యాభై ఒకటి. తొంభై అయిదు, రెండువందల ముప్పై ఒకటి. అధికారిణి అక్కడ ఆగింది.

"తొమ్మిది రోజులు తక్కువ. ఈ ఏడాది లెక్కలోకి రాదు. నీకు తెలుసా?"

"తెలుసు మేడం. ఆ ఏడు అమ్మకు టైఫాయిడ్."

"నువ్వే ఎక్కించావు కదా. తొమ్మిది గడులు."

"రాని రోజు వచ్చినట్టు వేస్తే, వచ్చిన రోజులు ఎవరు నమ్ముతారు?"

అధికారిణి కాగితం మీద ఏదో రాసుకుంది. తర్వాత ఏడాది అడిగింది. తొంభై ఆరు, రెండువందల డెబ్భై. మూడేళ్ళు అయ్యాయి. ఆ పైన ఆమె సింహాచలమ్మ గురించి ఇంకేమీ అడగలేదు. సాయంత్రం దాకా కూర్చుని మూడువందల పన్నెండు పేర్లూ ఒక్కొక్కటే చదివించుకుంది. సామంత మధ్యలో రెండుసార్లు టీ తెప్పించాడు. రెండోసారి సుందరికీ ఒక కప్పు తెప్పించాడు. ఆమె తాగలేదు. ఆ చలికి అది మీగడ కట్టింది.

జాబితా మే నెలలో వచ్చింది. నూటపద్దెనిమిది పేర్లు. అదే నెలలో కాజువల్ ఆపరేటర్ల జాబితా కూడా వచ్చింది, అందులో సుందరి పేరు లేదు. నేను ఏదో ఓదార్పు మాట అనబోయాను.

"కొట్టీమన్నాను గదా బాబుగారూ, కొట్టీసినారు," అంది. నరసయ్య ఇంట్లోని వరసనూ ముసలమ్మ ఇంట్లోని వరసనూ యూనియన్ ఆఫీసుకు అప్పగించి, రసీదు రాయించుకుంది. తర్వాత కలకత్తా చాందినీ చౌక్‌లో ఒక చిన్న దుకాణంలో చేరింది, చచ్చిపోయిన డిస్కుల్లోంచి జనం పోగొట్టుకున్నవి వెలికితీసే దుకాణం. అక్కడికి వచ్చే ప్రతి పెద్దమనిషినీ, "నకలు ఎక్కడ పెట్టారు దాదా?" అని అడిగేది. అదే డిస్కులో అని వాళ్ళు చెప్పగానే ఆమె ముఖంలో కనిపించే తృప్తిని చూడటానికే నేను నెలకోసారి అటు వెళ్ళేవాణ్ణి. ఎనిమిదేళ్ళ తర్వాత న్యూ టౌన్‌లో ఒక పెద్ద కంపెనీవాళ్ళు ఆమెను పిలిచి, బ్యాకప్‌లన్నీ ఆమె చేతికిచ్చారు. ఆ గది కూడా చల్లగానే ఉంటుందట. శాలువా మాత్రం కంపెనీవాళ్ళే ఇచ్చారు.

సింహాచలమ్మ పర్మనెంటయిన మొదటి వారంలోనే ఆఫీసుకు వచ్చింది. సరాసరి సామంత గదిలోకి వెళ్ళి, కూతురు రాసిచ్చిన కాగితం బల్ల మీద పెట్టింది. ఒక రోజు సెలవు. బద్లీకి సెలవుండదు, రానిరోజు పేరుండదు, అంతే. పదకొండేళ్ళలో ఆమె అడిగిన మొదటి సెలవు అది. సామంత కాగితం చదివి, నన్ను పిలిచి అడిగాడు.

"కారణం రాయలేదేమిటి? ఒంట్లో బాగాలేదా, పెళ్ళా, ఏమిటో అడగండి."

అడిగాను.

"ఏటీ లేదు బాబూ," అంది సింహాచలమ్మ. "బాగానే ఉన్నాను. రేపు రాను, అంతే. నాను రాకపోయినా నా పేరు ఉంటాదో లేదో సూత్తాను."

అది నేను బెంగాలీలోకి మార్చి చెప్పాను. ఒక్క ముక్క కూడా కలపలేదు. సామంత కలం మూత తీసి సంతకం పెట్టాడు.